రాజు లేని ఊళ్లో పుట్టిన ఒపేరా

"జర్మనీలో ఒపేరా హౌస్‌లన్నీ రాజులు తమ సరదా కోసం కట్టించుకున్నవే. మామూలు జనానికి అక్కడ చోటు లేదు. పెత్తనమంతా కండక్టర్‌దే, అదీ మగవాళ్లదే." ఈ పోస్టు వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం, కండక్టర్ అంటే అందులో వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తి. చదివిన ప్రతిసారీ బాధేస్తోంది.

మొదటి మాటలో కొంత నిజముంది. బెర్లిన్‌లో 1742లో ఒపేరా హౌస్ తెరిపించింది ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్. కానీ "అన్నీ" అంటే మాత్రం ఒప్పుకోను. హాంబర్గ్‌కు అసలు రాజే లేడు, అది వర్తకుల నగరం. గెర్హార్డ్ షోట్ అనే లాయరు, ఇంకొందరు పెద్దలు కలిసి బాతుల సంత పేరున్న కూడలి దగ్గర థియేటర్ పెట్టారు. 1678 జనవరి 2న ఆదాము, అవ్వల కథతో అది మొదలైంది. టికెట్ కొన్నవాళ్లెవరైనా లోపలికి వెళ్లొచ్చు. ఇది పాపమని పాస్టర్లు గొడవ చేసినా ఆగలేదు. నేటి హాంబర్గ్ స్టేట్ ఒపేరాకు మూలం అదే.

ఇక పెత్తనం సంగతి. 1704 డిసెంబరులో అక్కడ మాథెసన్ రాసిన ఒపేరా ఆడుతోంది. అందులో ఆయనే ఆంటోనీ వేషం. తన పాత్ర చనిపోగానే కిందికొచ్చి, హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాద్యం) ముందు నుంచి లేవమన్నాడు. అప్పట్లో దాని ముందు కూర్చున్నవాడే సంగీతాన్ని నడిపించేవాడు. అక్కడ కూర్చున్న కుర్రాడు లేవనన్నాడు. బయటికెళ్లి కత్తులు దూశారు. మాథెసన్ కత్తి ఆ కుర్రాడి కోటు మీదున్న లోహపు గుండీకి తగిలి విరిగింది. ఆ కుర్రాడే తర్వాత పెద్ద స్వరకర్తగా పేరుపొందిన హాండెల్. మరుసటి నెలలోనే, 19 ఏళ్ల వయసులో, తన మొదటి ఒపేరా 'అల్మీరా'ను అదే వేదిక మీద ఆడించాడు.

కండక్టర్, సంస్థ అధిపతి ఒకరే కానక్కర్లేదు. 1891 నుంచి 1897 దాకా స్వరకర్త మాలర్ హాంబర్గ్‌లో ప్రధాన కండక్టర్, కానీ థియేటర్ నడిపింది పొలీనీ. 1959లో పగ్గాలు పట్టిన లీబర్‌మాన్ స్వరకర్త. ఇరవైకి పైగా కొత్త ఒపేరాలు రాయించాడు, నా దృష్టిలో ఆ సంస్థకు దక్కిన గొప్ప అధిపతి ఆయనే. 2025లో అధిపతిగా వచ్చిన క్రాట్జర్ రంగస్థల దర్శకుడు.

"మగవాళ్లదే" అన్నదానికి ఒక్క పేరు చాలు: సిమోన్ యంగ్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈమె 2005 నుంచి 2015 దాకా అధిపతి, ప్రధాన కండక్టర్ పదవులు రెండూ చూసుకున్నారు.

జనానికి చోటు లేదా? 1943 బాంబు దాడుల్లో ప్రేక్షకుల హాలు కాలిపోయింది. హాలుకు, వేదికకు మధ్య ఉన్న ఇనుప తెర మంటలకు అడ్డుపడటంతో వేదిక భాగం మిగిలింది. 1946లో అక్కడే కుర్చీలు వేసి జనాన్ని కూర్చోబెట్టి మళ్లీ ఒపేరాలు ఆడారు. కొత్త హాలు తెరుచుకున్నది 1955 అక్టోబరు 15న.