అప్పులవాళ్ల వరుసలో చివరన నిలబడి రాస్తున్న ఉత్తరం

ఆకాశం నుంచి అర్ధాంతరంగా విరమించుకున్న చౌక విమానయాన సంస్థ యాజమాన్యం వారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, సర్వీసులన్నీ తక్షణమే నిలిపివేస్తున్నట్టు తమరు పంపిన సందేశం నాకు క్షేమంగా చేరింది. అది చేరే వేళకు నేను తమరి చెక్-ఇన్ కౌంటరు ముందు, తమరు అనుమతించిన బరువుకు గ్రాము కూడా మించకుండా సర్దుకున్న పెట్టెతో నిలబడి ఉన్నాను. ‘దయచేసి విమానాశ్రయానికి రావద్దు’ అన్న తమరి సలహాను విమానాశ్రయంలోనే నిలబడి శ్రద్ధగా చదువుకున్నాను. కౌంటరు వెనక మనుషులెవరూ లేరు. తలపైన తెర మీద మాత్రం మా విమానం సరైన సమయానికే బయలుదేరుతుందని పచ్చటి అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. తమరి విమానం విషయంలో ఆ మాట అంతసేపు మారకుండా నిలవడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రానికి తమరి నుంచి ఇంకొక సందేశం వచ్చింది. నేను వెళ్లనే లేని చోటి నుంచి నా తిరుగు ప్రయాణం దగ్గర పడిందట. కాళ్లు చాపుకోవడానికి వీలుండే సీటును ఇప్పుడే కొనుక్కుంటే మంచిదట. సంస్థకు ప్రాణం పోయినా, అమ్మే అవయవం మాత్రం ఆడుతూనే ఉందన్నమాట.

మూతపడ్డారని నేను తప్పు పట్టడం లేదు. తమరిది పెద్ద వంశం. బ్రిటన్ విమాన వ్యాపారి ఫ్రెడ్డీ లేకర్ 1977లో లండన్, న్యూయార్క్‌ల మధ్య స్కైట్రెయిన్ అంటూ సామాన్యుడికి అట్లాంటిక్ దాటే యోగం కల్పించి, 1982 ఫిబ్రవరిలో చేతులెత్తేశారు. ఐస్‌లాండ్ వారి వావ్ ఎయిర్ 2019 మార్చి 28న కన్నుమూస్తూ, వేరే సంస్థల విమానాలేమైనా ఉన్నాయేమో చూసుకోండని ప్రయాణికులకు హితవు చెప్పి వెళ్లింది. బ్రిటన్ వారి ఫ్లైబీ అయితే 2020 మార్చిలో ఒకసారి పోయి, లేచి వచ్చి, 2023 జనవరిలో మళ్లీ పోయింది. ఇంధనం ధర తమరి చేతిలో ఉండదు, అద్దె విమానాల కిస్తీ ఆగదు, ఒక ఇంజను మూలన పడితే విమానమంతా మూలన పడుతుంది. ఇవన్నీ నాకు తెలుసు. వ్యాపారమన్నాక దివాలా కూడా ఉంటుంది.

నేను మింగలేకపోతున్నది ఒక్కటే. ముందు రోజు రాత్రి కూడా తమరు టిక్కెట్లు అమ్మారు.

ఈ ముక్క దగ్గర కొంచెంసేపు ఆగుదాం, ఎలాగూ మనిద్దరికీ ఇప్పుడు వెళ్లవలసిన చోటేమీ లేదు. విమానం టిక్కెట్టు అనేది విచిత్రమైన సరుకు. నెలల ముందే డబ్బు మొత్తం కట్టాలి, సరుకు మాత్రం తర్వాత ఎప్పుడో అందుతుంది. నేను కట్టిన డబ్బు నా ప్రయాణం కోసం ఏదో పెట్టెలో భద్రంగా ఉంటుందని నేననుకున్నాను. కానీ రాబోయే నా ప్రయాణం డబ్బుతో తమరు నిన్నటి ఎవరి ప్రయాణానికో ఇంధనం పోశారు. వాళ్లూ నెలల కిందట ఇలాగే కట్టి ఉంటారు. ఆ డబ్బు అంతకు ముందువాళ్ల ఇంధనానికి సరిపోయి ఉంటుంది. ఇంత అందంగా తిరిగే చక్రం ఆగాలంటే కొత్తవాళ్లు కట్టడం ఆగాలి. అందుకే కదా, చివరి వారాలలో అంత పెద్ద తగ్గింపు ధరల పండుగ పెట్టారు! అది మా మీద ప్రేమతో అనుకున్నాం. చేతిలో నగదు లేనివాడు వీధినపడి అప్పు అడుగుతుంటే, దాన్ని ఆఫరు అనుకుని అర్ధరాత్రి దాకా మేలుకొని మరీ ఇచ్చాం.

మిగతా అప్పులవాళ్లు మాలాంటివాళ్లు కారు. ఇంధనం పోసేవాడికి అనుమానం వస్తే ముందు డబ్బు, తర్వాతే ఇంధనం అంటాడు. విమానాశ్రయం వారు బాకీ తీరేదాకా విమానాన్ని కదలనివ్వరు. ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ విమానాశ్రయంలో వావ్ ఎయిర్ విమానాన్ని అలాగే ఆపి ఉంచారు. అద్దెకిచ్చినవాళ్లు వచ్చి విమానాలనే పట్టుకుపోతారు. ఆస్ట్రేలియాలో 2024 ఏప్రిల్ చివర బోంజా అనే సంస్థ ఆగిపోయింది అలాగే. కార్డుల డబ్బు చేరవేసే కంపెనీలు మరీ ముందుచూపు గలవి, ప్రమాదం వాసన తగలగానే టిక్కెట్ల సొమ్ములో కొంత తమ దగ్గరే బిగపడతాయి. 2008లో అమెరికా వారి ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ దివాలా చట్టం కింద కోర్టు రక్షణ కోరడానికి కారణం అలాంటి బిగింపే. అంటే తమరి గడ్డుకాలం సంగతి ఇంధనం ట్యాంకరు నడిపేవాడితో సహా అందరికీ తెలుసు. తెలియనిది ఎవరికయ్యా అంటే, తమరి చివరి విమానం ఎక్కవలసిన నాకు.

మన దేశపు చౌక విమాన సంస్థ గో ఫస్ట్ సంగతే తీసుకోండి. 2023 మే మొదటి వారంలో మూడు రోజుల పాటు విమానాలు రద్దు అన్నారు. ఆ మూడు రోజులు సాగీ సాగీ 2025 జనవరిలో ఆస్తులు అమ్మి లెక్క తేల్చాలన్న కంపెనీ లా ట్రిబ్యునల్ ఆదేశం దాకా వచ్చాయి. విమానాలు అద్దెకిచ్చిన ఆసాములు కూడా కోర్టు మెట్లెక్కి 2024 దాకా ఎదురుచూడవలసి వచ్చింది, నిజమే. అయినా వాళ్లకు వెనక్కి తీసుకోవడానికి రెక్కలూ తోకా ఉన్న వస్తువులున్నాయి. నేను వచ్చి ఏం పట్టుకుపోవాలి? సీటు బెల్టా?

వరుసలో నా స్థానమేమిటో తమరి లెక్కలు తేల్చడానికి వచ్చిన పెద్దమనిషి ఎంతో ఓర్పుగా వివరించారు. తాకట్టు ఉన్నవాళ్లు ముందు, కోర్టు ఖర్చులు ముందు, జీతాల బాకీలు ముందు, పన్నులు ముందు. నేను హామీ లేని రుణదాతనట. వడ్డీ అడగకుండా, పూచీ కోరకుండా, ప్రామిసరీ నోటు రాయించుకోకుండా, పైగా అప్పిచ్చే భాగ్యం కలిగించినందుకు ‘సౌకర్య రుసుము’ కూడా చెల్లించి అప్పిచ్చిన మనిషిని చట్టం అంతకన్నా మర్యాదగా ఏమని పిలుస్తుంది!

క్రెడిట్ కార్డు మీద కొన్నవాళ్లకు బ్యాంకు దయ ఉంది. బ్రిటన్‌లో 2017 అక్టోబరులో మోనార్క్ విమాన సంస్థ మూతపడినప్పుడు విదేశాలలో చిక్కుకున్న దాదాపు 1,10,000 మందిని అక్కడి ప్రభుత్వం వేరే విమానాలు పెట్టి ఇంటికి చేర్చింది. ఐరోపాలో విమానం రద్దయితే పరిహారం ఇవ్వాలని 2005 నుంచి నిబంధన అమలులో ఉంది. అయితే ఇవ్వవలసింది రద్దు చేసిన సంస్థే కాబట్టి, సంస్థే రద్దయితే ఆ హక్కును పటం కట్టించుకోవచ్చు.

తమరి సిబ్బంది మీద నాకు కోపం లేదు. ఆ రోజు యూనిఫారంలో, చక్రాల పెట్టెలతో గేటు దాకా వచ్చి, మాతో పాటే ఫోన్లలో ఆ సందేశం చదువుకున్న నలుగురిని చూశాను. వాళ్లలో ఒకావిడ, తనకే నెల జీతం రావలసి ఉండగా, ఒక ముసలాయనను కూర్చోబెట్టి వేరే సంస్థ కౌంటరు ఎటువైపుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. ఇన్నేళ్లలో తమరి సంస్థ రుసుము లేకుండా అందించిన సేవ బహుశా అదొక్కటే, అది కూడా సంస్థ పోయాక. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. తమరు లేకపోతే మొదటిసారి మబ్బులను పైనుంచి చూసే అవకాశమే రానివాళ్లు మాలో చాలామంది ఉన్నారు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నా ఆ కిటికీకి అతుక్కుపోయాం.

కానీ అదే కిటికీని చూపించి చివరి రాత్రి దాకా డబ్బు వసూలు చేశారే, దానికేమంటారు? ఆ అమ్మకం పేజీని ఆపడానికి ఒక మనిషి, ఒక నిమిషం చాలు. ఆపలేదు. తెల్లవారితే విమానం ఎగరదని మీకు తెలుసు. తెలిసీ నా చేత సీటు ఎంచుకోబెట్టారు, పెట్టె బరువుకు డబ్బు కట్టించుకున్నారు, పేరులో అక్షరం దిద్దినందుకు కూడా రుసుము పట్టారు. దీన్ని దురదృష్టం అనకండి, మార్కెట్ పరిస్థితులు అనకండి. ఎగరదని తెలిసిన విమానానికి టిక్కెట్టు అమ్మడాన్ని ఊళ్లో మోసం అంటారు.

బాకీ కోరుకునేవాళ్లు నింపవలసిన ఫారం వచ్చింది. ‘సంస్థకు మీరు సరఫరా చేసిన సరుకు లేదా సేవ’ అని ఒక గడి ఉంది. ‘ఒక ప్రయాణికుణ్ణి, ఒక పెట్టెను చెప్పిన సమయానికి, చెప్పిన బరువులో సరఫరా చేశాను, సంస్థ స్వీకరించలేదు’ అని నింపాను. మొత్తం బాకీ ఒక్క అంకెగా రాయమన్నారు, అది మాత్రం కుదరదన్నాను. టిక్కెట్టుకు ఒక దరఖాస్తు, సీటుకు ఒకటి, పెట్టెకు ఒకటి, దిద్దిన అక్షరానికి ఒకటి, సౌకర్య రుసుముకు ఇంకొకటి, వేటికవే విడివిడిగా పంపుతున్నాను. ఏదీ కలిపి అమ్మకూడదని నేర్పినవారు మీరే కదా, విడివిడిగానే చూసుకోండి.

ఇట్లు,
హామీ లేని రుణదాత,
కిటికీ పక్క సీటు