జెర్సీలు అమ్మి రొనాల్డోని కొన్నారట!

ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్ళని కొని అమ్ముకునే గడువు, అదే ట్రాన్స్‌ఫర్ విండో, తెరుచుకుందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్ళీ లేచి తిరుగుతుంది. క్లబ్ పేరు మారుతుందే గానీ సరుకు పాతదే. క్లుప్తంగా చెప్పాలంటే ఇదీ అందులో ఉన్నది: 2018లో రొనాల్డో కోసం ఇటలీ క్లబ్ జువెంటస్ పెట్టిన 10 కోట్ల యూరోల్లో సగానికి పైగా ఒక్క రోజులో జెర్సీల మీదే వచ్చేసింది. స్టార్‌ని కొంటే డబ్బు దానంతటదే తిరిగొస్తుంది. ఆడకపోతే కాంట్రాక్ట్ చింపేసి పంపేయొచ్చు. తోక జాడిస్తే జీతం ఆపేయొచ్చు. ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ రాసి ఆర్థిక నిబంధనలకు టోపీ పెట్టొచ్చు. విండో మూసేశారన్నది వట్టి సాకు. ఇవేవీ చేయని క్లబ్‌కి ఓనర్ పిసినారి, అంతే.

ఒక్కో మాట వెనకా నిజంగా జరిగిన సంగతి ఏదో ఒకటి ఉంది. దాని చుట్టూ అల్లిన లెక్కే తప్పు. వరసగా చూద్దాం.

"ఒక్క రోజులో 5,20,000 జెర్సీలు అమ్ముడుపోయాయి, సగం డబ్బు వచ్చేసింది"

ఈ 5,20,000 అంకె అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది. అది నిజమే అనుకుని లెక్క వేద్దాం. జెర్సీ ధర 100 యూరోలు. ఇటలీలో అమ్మకం పన్ను 22 శాతం, అది ముందే పోతుంది, మిగిలేది 82. అందులో దాదాపు సగం దుకాణం వాడిది. మిగతా 41 యూరోలు జెర్సీ తయారుచేసిన అడిడాస్‌కి వెళ్తాయి. క్లబ్‌కి వచ్చేది ఆ 41 మీద రాయల్టీ. పెద్ద క్లబ్బుల విషయంలో అది మామూలుగా 10, 15 శాతం దగ్గర ఉంటుందని ఈ వ్యాపారంలో చెప్పుకుంటారు. 15 శాతమే వేసుకున్నా జెర్సీకి 6 యూరోలు. 5,20,000 జెర్సీలకు 31 లక్షల యూరోలు. పది కోట్లలో మూడు శాతం! ఈ దారిలో ఫీజు మొత్తం రాబట్టాలంటే 1 కోటి 67 లక్షల జెర్సీలు అమ్మాలి.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న రావాలి. జువెంటస్‌కి సొంత దుకాణాలున్నాయి కదా, దుకాణం వాటా కూడా దానికే కదా? సరే, ఒక్కటి కూడా బయటి షాపులో అమ్మలేదనే అనుకుందాం. అప్పుడు జెర్సీకి 47 యూరోలు, మొత్తం 2 కోట్ల 44 లక్షలు. షాపు అద్దె, సిబ్బంది జీతాలు, రవాణా అందులోంచే పోవాలి. అన్నీ క్లబ్ పక్షానే వేసుకున్నా పావు వంతు దాటలేదు.

అసలు అంచనాలతో పనేముంది, జువెంటస్ లిస్టెడ్ కంపెనీ, లెక్కలు బయటే ఉన్నాయి. వస్తువుల అమ్మకాలు, లైసెన్సుల మీద ఆదాయం 2017-18లో సుమారు 2.78 కోట్ల యూరోలు. రొనాల్డో వచ్చిన 2018-19లో సుమారు 4.4 కోట్లు. అంటే ఏడాది పొడవునా, ప్రపంచమంతటా, జెర్సీలూ మఫ్లర్లూ కప్పులూ కలిపి పెరిగింది కోటీ అరవై లక్షల పైచిలుకు. అదీ ఖర్చులు తీయకముందు. ఒక్క రోజులో సగం ఫీజు వచ్చి ఉంటే అది ఈ పద్దులో ఎక్కడో ఒకచోట కనపడాలి కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. రొనాల్డో కోసం జట్టులోని కువద్రాదో 7వ నంబర్ వదులుకున్నాడు. ఆ వేసవిలో 7వ నంబర్ జెర్సీ కొన్న అభిమానుల్లో చాలామంది, అతను రాకపోతే డిబాలా 10వ నంబర్ కొని ఉండేవాళ్ళే. అది కొత్త అమ్మకం కాదు, వీపు మీద పేరు మారిందంతే.

ఖర్చు వైపు చూద్దాం. 10 కోట్ల ఫీజు రెండు ఆర్థిక సంవత్సరాల్లో చెల్లించాలి. దాని మీద 1.2 కోట్లు అదనపు ఖర్చులు. ఈ అదనంలోనే సాలిడారిటీ వాటా కూడా ఉంది. ఆటగాడి 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు ఫీజులో 5 శాతం పంచాలన్నది ఫిఫా నియమం. 12-15 ఏళ్ల మధ్య ఏడాదికి 0.25 శాతం, ఆపైన ఏడాదికి 0.5 శాతం. ఫీజూ అదనమూ కలిపి 11.2 కోట్లని నాలుగేళ్ల కాంట్రాక్ట్ మీద పరిస్తే ఏడాదికి 2.8 కోట్లు. చేతికందే జీతం ఏడాదికి సుమారు 3 కోట్లని అప్పట్లో పత్రికలు రాశాయి, పన్నులతో కలిపితే అంతకు చాలా ఎక్కువ. జువెంటస్ 2018-19లో 3.99 కోట్ల యూరోల నష్టం చూపింది. మరుసటి ఏడాది 8.97 కోట్లు, 2020-21లో 20.99 కోట్లు. చివరి రెండింటిలో కోవిడ్ దెబ్బ పెద్దదే, దాన్ని రొనాల్డో ఖాతాలో వేయకూడదు. కానీ "డబ్బు దానంతటదే తిరిగొస్తుంది" అనే మాటకు ఈ పద్దులు సాక్ష్యం చెప్పవు.

స్టార్‌తో డబ్బు అస్సలు రాదా అంటే, వస్తుంది. వేరే తలుపు గుండా వస్తుంది. 2018 డిసెంబర్‌లో జువెంటస్ అడిడాస్‌తో ఒప్పందాన్ని కొత్తగా రాసుకుంది: ఎనిమిది సీజన్లకు కనీసం 40.8 కోట్ల యూరోలు, అంటే ఏడాదికి 5.1 కోట్లు. అంతకుముందు ఏడాదికి 2.3 కోట్ల చిల్లర. రొనాల్డో విలువ అక్కడుంది, బేరం బల్ల దగ్గర. ఆ డబ్బు ఒక్క రోజులో రాదు, జెర్సీల లెక్కతోనే రాదు, ఆటగాడు వెళ్ళిపోయాక కూడా వస్తూనే ఉంటుంది. అతన్ని 2021 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌కి 1.5 కోట్లకే ఇచ్చేశారు, అదీ ఐదేళ్ల వాయిదాల మీద. ఈ మూడేళ్లలో ఛాంపియన్స్ లీగ్‌లో అయాక్స్, లియోన్, పోర్టో చేతుల్లో ఇంటిముఖం పట్టారన్నది వేరే బాధ.

"ఆడకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసి పంపేయొచ్చు"

కుదరదు. ఫిఫా బదిలీ నియమావళిలో 13వ ఆర్టికల్ రెండే దారులు చెబుతుంది: గడువు తీరాలి, లేదా ఇద్దరూ ఒప్పుకోవాలి. మధ్యలో తెంచాలంటే 14వ ఆర్టికల్ ప్రకారం న్యాయమైన కారణం చూపాలి. ఫామ్ పోవడం ఆ కారణాల్లో లేదు. కారణం లేకుండా తెంచితే 17వ ఆర్టికల్ కింద పరిహారం కట్టాలి.

విన్‌స్టన్ బొగార్డ్ సంగతి చూడండి. 2000లో చెల్సీతో నాలుగేళ్ల కాంట్రాక్ట్, వారానికి 40,000 పౌండ్లని చెప్పుకున్నారు. కొత్త మేనేజర్‌కి అతను అక్కర్లేదు. రిజర్వ్ జట్టుకి పంపారు, యువ జట్టుతో ప్రాక్టీస్ చేయించారు, విసిగి వెళ్ళిపోతాడని చూశారు. అతను రోజూ టైముకి వచ్చి, ప్రాక్టీస్ చేసి, జీతం తీసుకున్నాడు. నాలుగేళ్లలో ఆడింది 12 మ్యాచ్‌లు. అభిమానులు తిట్టారు గానీ అతను మాట తప్పింది ఎక్కడ? సంతకం ఇద్దరిదీ.

మరి 2022 నవంబర్‌లో యునైటెడ్ రొనాల్డోని పంపేసిందిగా అంటారు. అది రద్దు కాదు, పరస్పర అంగీకారం. టీవీ ఇంటర్వ్యూలో క్లబ్‌నీ మేనేజర్‌నీ ఏకిపారేశాక కూడా ప్రకటనలో ఆ మాటే వాడారంటే, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికీ లేదని అర్థం.

ఈ విషయంలో ఫార్వర్డ్ ఎత్తిచూపగల ఒకే ఒక్క గట్టి ఉదాహరణ అడ్రియన్ ముటు. 2004లో కొకైన్ పరీక్షలో దొరికిపోయాక చెల్సీ తీసేసింది. ముటు 1.7 కోట్ల యూరోలకు పైగా చెల్లించాలని ఫిఫా 2008లో తేల్చింది, 2009లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కూడా అదే నిలబెట్టింది. కానీ అది డోపింగ్ నేరం. గోల్స్ కొట్టనందుకు కాదు.

తెగతెంపులు ఆటగాడి వైపు నుంచి కూడా ఉంటాయి, అది మనకు బాగా తెలిసిన చోటే జరిగింది. రెండు నెలల జీతం బకాయి పడితే, రాతపూర్వకంగా కనీసం 15 రోజుల గడువిచ్చి ఆటగాడు కాంట్రాక్ట్ తెంచుకోవచ్చు. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24 వచ్చేసరికి జీతాల బకాయిలు, ట్రాన్స్‌ఫర్ నిషేధంలో చిక్కుకుంది. ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళని నమోదు చేసే వీల్లేదు, మిగిలిన కుర్రాళ్ళతో ఆడి ఆఖరి స్థానంలో నిలిచింది. కాంట్రాక్ట్ వట్టి కాగితం అనేవాళ్ళకు గచ్చిబౌలిలో ఖాళీ గ్యాలరీలు చూపిస్తే చాలు.

"క్రమశిక్షణ తప్పితే జీతం ఆపేయాలి"

ఇక్కడ రెండు క్రమశిక్షణలు కలగాపులగం అయ్యాయి. రెఫరీ వేసే శిక్ష వేరు, క్లబ్ వేసే శిక్ష వేరు. ఇంగ్లండ్‌లో రెండు పసుపు కార్డులతో బయటికెళ్తే ఒక మ్యాచ్, చేయి చేసుకుంటే మూడు మ్యాచ్‌ల నిషేధం. ఈ ఎర్ర కార్డు నిషేధం దేశంలోని కప్పులకూ వర్తిస్తుంది, యూరప్ మ్యాచ్‌లకు కాదు. నిషేధంలో ఉన్నంత మాత్రాన జీతం ఆగదు.

క్లబ్ జరిమానాకి ప్రీమియర్ లీగ్ ప్రామాణిక కాంట్రాక్ట్‌లోనే హద్దు ఉంది: మొదటి తప్పుకి గరిష్ఠంగా రెండు వారాల మూల వేతనం, పన్నెండు నెలల్లో మళ్ళీ చేస్తే నాలుగు వారాలు. పత్రికల్లో ఎప్పుడు చూసినా "రెండు వారాల జీతం జరిమానా" అని వస్తుందే, అది మేనేజర్ దయ కాదు, పై హద్దు.

ఆ హద్దు దాటాక క్లబ్ చేతిలో మిగిలేది జట్టు జాబితా ఒక్కటే. జేడన్ సాంచోని యునైటెడ్ 2021లో 7.3 కోట్ల పౌండ్లకు కొంది. 2023 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ మ్యాచ్‌కి పక్కనపెట్టి, ప్రాక్టీస్ బాగా చేయలేదని మేనేజర్ టెన్ హాగ్ చెప్పాడు. నన్ను బలిపశువు చేస్తున్నారని సాంచో బహిరంగంగా రాశాడు. మొదటి జట్టు నుంచి వెలివేశారు, జీతం మాత్రం నడిచింది. జనవరిలో డార్ట్‌మండ్‌కి లోన్ (అంటే కొంతకాలానికి ఆటగాణ్ణి వేరే క్లబ్‌కి ఇవ్వడం), జూన్‌లో వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. తర్వాత చెల్సీకి లోన్, సీజన్ చివర కొనాలన్న షరతుతో. ఆ షరతు నుంచి బయటపడటానికి చెల్సీ 50 లక్షల పౌండ్లు కట్టి మరీ వెనక్కి పంపింది. కారణం ఆట ఒక్కటే కాదు, జీతం కూడా. అంత జీతం మరో క్లబ్ ఇవ్వదు, ఉన్న కాంట్రాక్ట్ వదులుకోవడానికి ఆటగాడికి కారణం లేదు. ఇలాంటివాళ్ళు అమ్ముడుపోకుండా లోన్ మీద లోన్ తిరిగేది అందుకే.

"ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్‌తో రూల్స్‌కి టోపీ"

ఈ రూల్స్ అంటే క్లబ్ చూపగల నష్టానికి పెట్టిన హద్దులు. ఈ ఎత్తు ఒకప్పుడు పనిచేసింది. 2023 జనవరిలో చెల్సీ ఎంజో ఫెర్నాండెజ్‌ని 10.68 కోట్ల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్లకు రాయించుకుంది. ఫీజుని కాంట్రాక్ట్ ఏళ్ల మీద పరుస్తారు కాబట్టి పుస్తకాల్లో ఏడాదికి 1.26 కోట్లే పడింది. ఐదేళ్లకైతే 2.14 కోట్లు పడేది. 2023 వేసవి నుంచి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్‌ఏ, ఆ డిసెంబర్‌లో ప్రీమియర్ లీగ్ ఈ పరిచే గడువుని ఐదేళ్లకు కట్టేశాయి. ఇప్పుడు పదేళ్లకు రాసినా లెక్క ఐదేళ్లకే. పైగా ఫార్వర్డ్‌లో రాయని చిక్కు ఒకటుంది. ఎంజోని మూడేళ్లకు అమ్మాలంటే పుస్తకంలో ఇంకా 6.9 కోట్ల విలువ మిగిలి ఉంటుంది, అంతకన్నా తక్కువకు అమ్మితే నష్టం చూపాలి. ఐదేళ్ల లెక్కలో మిగిలేది 4.3 కోట్లే.

"విండో మూసేశారన్నది సాకు"

2017లో లెస్టర్ కొన్న ఆడ్రియన్ సిల్వా బదిలీ కాగితాలు 14 సెకన్లు ఆలస్యమయ్యాయి. ఫిఫా ఒప్పుకోలేదు. లెస్టర్‌కి జనవరి దాకా ఆడలేకపోయాడు. పద్నాలుగు సెకన్లు! విండో మూశాక తీసుకోగలిగేది, అంతకుముందే కాంట్రాక్ట్ నుంచి బయటపడి ఖాళీగా ఉన్నవాళ్ళని. 2020 అక్టోబర్‌లో వెల్‌బెక్ బ్రైటన్‌కి అలాగే వచ్చాడు.

"ఓనర్ పిసినారి"

కొందరు ఓనర్లు పిసినార్లే, కాదనేది లేదు. కానీ ప్రీమియర్ లీగ్‌లో మూడేళ్ల నష్టం 10.5 కోట్ల పౌండ్లు మించకూడదన్న నిబంధన కింద ఎవర్టన్ 2023-24లో మొదట 10 పాయింట్లు పోగొట్టుకుంది, అప్పీలులో అది 6 అయింది, తర్వాత మరో 2. అది పిసినారితనం వల్ల వచ్చిన శిక్ష కాదు, ఖర్చు వల్ల వచ్చింది.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సంగతి ఇంకా పదునైనది. లెక్కల ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. బ్రెన్నన్ జాన్సన్‌ని ఆలోపు అమ్మితే ఆ డబ్బు ఆ ఏడాది ఖాతాలో పడేది. మంచి ధర కోసం ఆగి, సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కి 4.75 కోట్ల పౌండ్లకు అమ్మారు. హద్దు దాటింది 3.45 కోట్లు. ఆగినందువల్లే ఎక్కువ ధర వచ్చిందని క్లబ్ వాదించింది, విచారణ కమిషన్ వినలేదు. జాన్సన్ ధర పెరిగింది, ఫారెస్ట్ పాయింట్లు నాలుగు తగ్గాయి.