సవరణ: స్నోబ్లోయర్ విషయంలో తప్పు షాపుది కాదు

అమెరికాలోని మిన్నెసోటాలో మొదటి పెద్ద మంచు పడిన రోజే మా స్నోబ్లోయర్ (వాకిట్లో పడిన మంచును ఎత్తి పక్కకు విసిరే పెట్రోలు యంత్రం) మొరాయించిందని, రిపేర్ షాపువాళ్లు డబ్బులు తీసుకుని పని సరిగ్గా చేయలేదని పోయిన వారం కోపంగా రాశాను. అది తప్పు. వాళ్లకు ఫోన్ చేసి క్షమాపణ అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను.

నిన్న కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) అడుగు గిన్నె విప్పి చూశాను. లోపల బెల్లం పాకంలా జిగట, పుల్లటి వాసన. పెట్రోలు వెళ్లే సన్నని జెట్ రంధ్రం పూర్తిగా పూడుకుపోయింది. మార్చిలో ట్యాంకులో నేను వదిలేసిన పెట్రోలే అది! ఇక్కడి పెట్రోలులో మామూలుగా 10 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉంటే పెట్రోలు పాడై ఇలా గడ్డకడుతుంది. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలింది అయిపోయి ఇంజిన్ ఆగేదాకా నడపాలని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. నేను చదవలేదు. షాపువాళ్లు మార్చింది బెల్టు ఒక్కటే, అది భేషుగ్గా ఉంది.

ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోను. మంచు ఎరగని ఊళ్ల నుంచి వచ్చిన మాలాంటివాళ్లకు ఈ పెట్రోలు సంగతి అమ్మేటప్పుడే చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు.