అరగ్రాము గాలి గురించి పీ0171 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పీ0171 గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం. ఆ సంగతి నిన్న సాయంత్రం మూసాపేట సిగ్నల్ దగ్గర మా కారు మీటర్ బోర్డులో పసుప్పచ్చగా వెలిగి తమరే తెలియజేశారు. ఇంజన్‌లో తప్పుందని కారు కంప్యూటర్ పంపే కోడ్ నంబరు కదా తమరు! మధ్యాహ్నమంతా గ్యారేజీలో ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయి, ఇంజన్ పీల్చే గాలిని కొలిచే ఏర్‌ఫ్లో సెన్సర్ కొత్తది వేయించి, బిల్లు కట్టి, తమరు శాశ్వతంగా సెలవు తీసుకున్నారని నమ్మి ఇంటికొచ్చినవాణ్ణి నేను. కూరగాయలకని మళ్లీ బండి తీశానో లేదో ప్రత్యక్షమయ్యారు. సెన్సర్ కంటే ముందు ప్లగ్గులు, ప్లగ్గుల కంటే ముందు ఇంజెక్టర్ క్లీనింగ్, దానికీ ముందు థ్రాటల్ బాడీ. అన్నీ తమరి పేరు చెప్పే చేశారు. పాత సెన్సర్ ఏదయ్యా అంటే, 'స్క్రాప్ సార్.'

తమరి ఉద్యోగం ఏమిటో నాకు తెలుసు. కిలో పెట్రోలుకి 14.7 కిలోల గాలి ఉండాలి. గాలెక్కువైందని పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఫిర్యాదు చేస్తే కంప్యూటర్ పెట్రోలు కొంచెం పెంచుతుంది, ఇంకొంచెం పెంచుతుంది, ఇక నావల్ల కాదనుకున్నాక తమర్ని పంపిస్తుంది. తమరొచ్చి చెప్పేది ఒక్క ముక్క: మిశ్రమం పల్చన, బ్యాంక్ 1. బ్యాంకంటే సిలిండర్ల వరస. మా బండికున్నవి ఒకే వరసలో నాలుగే సిలిండర్లు. రెండో బ్యాంకనేదే లేదు. అయినా ఒకటో బ్యాంకులోనే అని మరీ స్పష్టం చేశారు, సంతోషం. ఆ గాలి ఎక్కణ్ణుంచి దూరుతోందో మాత్రం చెప్పరు. తమరి కంటే ఆకాశరామన్న నయం. ఎవరింట్లో ఏం జరుగుతోందో అయినా రాస్తాడు.

తమరు చెప్పకుండా వదిలేసినదాన్ని పూరించడానికి ఊరంతా సిద్ధం. మా అపార్టుమెంటు సెక్రటరీ గారు, వాచ్‌మన్, బంకులో కుర్రాడు, అందరిదీ ఒకటే మాట: 'ఇదంతా ఇథనాల్ సార్.' ఇథనాల్‌కి కిలోకి 9 కిలోల గాలి చాలు కాబట్టి ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పోస్తే పాత బండికి మిశ్రమం కొంత పల్చబడుతుంది, నిజమే. కానీ అలా పల్చబడితే సిగ్నల్ దగ్గరా, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదా ఒకేలా పల్చబడాలి. మా బండి ఓఆర్ఆర్ మీద ఇరవయ్యేళ్ల కిందటి మాదిరే దూకుతుంది. ఆగినప్పుడే వణుకు. ఏసీ వేస్తే డాష్‌బోర్డు మీద వినాయకుడు కూడా వణుకుతాడు.

స్కానర్ తెరిచి చూస్తే ఇదంతా కనబడుతూనే ఉంది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరిగేటప్పుడు, ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ అదనంగా పోయిస్తున్న పెట్రోలు, ప్లస్ 18 శాతం. యాక్సిలరేటర్ తొక్కి ఇంజన్ వేగం ముల్లు నిమిషానికి 2500 చుట్ల దగ్గర పట్టుకుంటే ప్లస్ 4. ఐడిల్‌లో 1.8 లీటర్ ఇంజన్ సెకనుకి పీల్చేదే సుమారు 3 గ్రాముల గాలి. లెక్కలోకి రాకుండా ఇంకో అరగ్రాము దొంగదారిన వస్తే ఆరో వంతు తేడా. 2500 దగ్గర పది గ్రాములు పీల్చే ఇంజన్‌కి ఆ అరగ్రాము ఓ లెక్కా? ఏర్‌ఫ్లో సెన్సరే దొంగలెక్క చెబుతుంటే, గాలి పెరిగినంత మాత్రాన తప్పు ఇలా తగ్గిపోదు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడటానికి పట్టేది టీ తాగినంత సేపు. ఎవరూ చూడలేదు. తమరి నంబరు చూశారు, పార్టుకి ఫోన్ చేశారు.

ఇక తమరి మర్యాద దగ్గరికి వద్దాం. దీన్ని మాత్రం నేను క్షమించలేను. తప్పు వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేగాని తమరు దీపం వెలిగించరు. మొదటిసారి పెండింగ్ అని లోపల రాసుకుని ఊరుకుంటారు. ఎంత పెద్దమనిషి తరహా! గ్యారేజీలో కోడ్ చెరిపేస్తే తమరితో పాటు కంప్యూటర్ నేర్చుకున్న ట్రిమ్ కూడా సున్నాకొస్తుంది. మీటర్ బోర్డులో ఒక్క దీపం లేదు, స్కానర్‌లో అన్నీ శుభ్రం. 'చూడండి సార్, పోయింది' అంటాడు. కార్డు గీకుతాం. గ్యారేజీ నుంచి ఇంటికి ఒక ప్రయాణం, ఇంటి నుంచి రైతుబజారుకి రెండోది. బిల్లు కట్టేందుకు కావలసినంత వ్యవధి ఇచ్చి, కట్టాక వస్తారు. ప్లగ్గులప్పుడూ ఇదే. ఇంజెక్టర్లప్పుడూ ఇదే. తమరికి గ్యారేజీలో వాటా ఉందా అని అడగను. ఉంటే మాత్రం నా బండి మీద వచ్చినంత లాభం ఇంకెక్కడా వచ్చి ఉండదు.

పైగా మాది గాలిని ఒత్తి లోపలికి తోసే టర్బో ఇంజన్. ఐడిల్‌లో, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డు లోపల వాక్యూమ్, తొక్కితే అదే చోట ఒత్తిడి. అందుకని ఇంజన్ అడుగునుంచి ఆవిరి మానిఫోల్డులోకి వెళ్లే దారిలో వన్‌వే వాల్వు పెడతారు, ఆ టర్బో ఒత్తిడి వెనక్కి తన్నకుండా. గ్యారేజీవాళ్లు లీకు పట్టడానికి చేసిందేమిటి? మానిఫోల్డులోకి కంప్రెసర్ గాలి కొట్టారు. వాల్వు మూసుకుంది. దానికవతలి లీకు హాయిగా దాక్కుంది. 'లీకు ఎక్కడా లేదు సార్, ఇక సెన్సరే.'

ఇవాళ పొద్దున నేనే బానెట్ ఎత్తాను. ఇంజన్ నడుస్తుండగా నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ పైకి లాగాను. ఆ రంధ్రంలోంచి గాలి దూరుతుంది. గొట్టాలన్నీ గట్టిగా ఉంటే ఐడిల్ కాస్తయినా మారాలి. మాది ఏమీ ఎరగనట్టు అదే వణుకు. అంటే అప్పటికే ఎక్కడో తెరుచుకునే ఉంది. ఇంకా బాగా వేడెక్కకముందే మానిఫోల్డు కింద చెయ్యి దూర్చాను. రబ్బరు ఎల్బో, ఆ ఆవిరి దారిలోని వంపు గొట్టం. పైన తడిమితే నిక్షేపంగా ఉంది. అడుగున నూనెకి నాని మెత్తబడి, గోరు దిగేంత పగులు. వేలితో మూశాను. ముల్లు 800 దగ్గర కుదురుగా నిలబడింది. వేలు తీశాను. 650, 900, 650.

ఇంతే కదయ్యా! ఇంతేనా నువ్వు చెప్పలేకపోయింది? బొటనవేలంత రబ్బరు ముక్క కోసం నా నెల జీతంలో సగం తిన్నావు. నన్ను పిచ్చివాణ్ణి చేశావు. మా ఆవిడ చేత 'అమ్మేయండి ఆ బండి' అనిపించావు. ఆ మాట మాత్రం జన్మలో మర్చిపోను.

అబద్ధం చెప్పావని మాత్రం అనలేను. పల్చగా ఉందన్నావు, పల్చగానే ఉంది. మార్చిన ప్రతిదాని తర్వాతా తిరిగొచ్చి 'ఇది కాదు' అన్నదీ నువ్వొక్కడివే. గ్యారేజీలో ఎవడూ ఆ పాటి నిజాయితీ చూపలేదు.

పుత్లీబౌలి స్పేర్‌పార్టుల దుకాణాల్లో అడిగాను. ఆ ఎల్బో విడిగా ఇవ్వరట, గొట్టాల సెట్టు మొత్తం కొనాలట, సెట్టు ముంబై నుంచి రావాలట. ప్రస్తుతానికి పగులు చుట్టూ సిలికాన్ టేపు చుట్టి క్లిప్పు బిగించాను. నూనె జిడ్డు మీద అది ఎన్నాళ్లు నిలుస్తుందో నీకే ముందు తెలుస్తుంది. తెలిసినా, పార్సిల్ వచ్చేదాకా పెండింగ్‌లోనే ఉండు. మా ఆవిడ పక్క సీట్లో ఉన్నప్పుడు మాత్రం అస్సలు వెలగొద్దు.

ఇట్లు,
ఏసీ ఆపుకుని, సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు తీయని
తమ విధేయుడు