మహారాజశ్రీ లింకు-పిన్ను గారికి

అయ్యా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం పద్ధతి. తమరి చుట్టుపక్కల కుశలంగా మిగిలినవాళ్ళు తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో రైలు పెట్టెను పెట్టెతో కలిపిన ఘనత తమరిది. తమరి సామానంతా ఒక ఇనుప కడియం, ఒక ఇనుప మేకు. మిగతా యంత్రం బ్రేక్‌మన్, అంటే బ్రేకులు వేసి పెట్టెలు కలిపే పనివాడి చెయ్యి. కదిలొస్తున్న పెట్టెకూ ఆగి ఉన్న పెట్టెకూ మధ్య అతను నిలబడాలి. కడియం ఎత్తిపట్టి ఎదుటి గూట్లోకి దూర్చాలి, పెట్టెలు గుద్దుకునేలోపు చెయ్యి లాక్కోవాలి, పైనుంచి మేకు దించాలి. ఆ పెట్టెల ఎత్తులు ఒకదానికొకటి సరిపోయేవీ కావు. మంచు పడే రాత్రి లాంతరు వెలుగులో ఈ పని అర క్షణం ఆలస్యమైతే తమరు దక్షిణ పుచ్చుకునేవారు. పనికోసం యార్డుకు వచ్చినవాడి అనుభవం చూడాలంటే చేతులు చాపమంటే చాలని చెప్పుకునేవారు. పది వేళ్ళూ ఉంటే కొత్తవాడన్నమాట!

మధ్యలోకి వెళ్ళకండి, కర్రతో ఎత్తండి అని కొన్ని కంపెనీలు రూల్సు పుస్తకంలో అచ్చేశాయి. కర్ర పట్టుకుంటే బండి లేటు, లేటైతే తిట్లు. వేలు పోయాక మాత్రం ఆ పేజీ ఠక్కున దొరికేది.

కోర్టుల దగ్గరా తమరికి మంచి పలుకుబడి. 1842లోనే మసాచుసెట్స్‌లో ఫార్వెల్ అనే ఇంజన్ డ్రైవరు కేసు తేలిపోయింది. పట్టాలు మార్చే తోటి ఉద్యోగి తప్పువల్ల అతని కుడిచెయ్యి పోయింది. జీతం రోజుకు 2 డాలర్లు. ప్రమాదం ఖరీదు ఆ జీతంలోనే కలిసి ఉందట, తోటివాడి తప్పుకు కంపెనీ పూచీ లేదట. ఇంట్లో ఉప్పూపప్పూ లెక్క చూసుకునే ఆవిడకు ఆ ఖరీదు ఏ నెలలోనూ కనబడి ఉండదు.

ఆ ఇళ్ళ సంగతి తమరికి చెప్పాలి. కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే రాత్రి రెండైనా లేచి పోవాలి, కాబట్టి కాపురం యార్డుకు కూతవేటు దూరంలోనే. వేళకాని వేళ తలుపు చప్పుడైతే రెండే అర్థాలు: డ్యూటీ పిలుపన్నా కావాలి, తమరి కబురన్నా కావాలి. ఆ రెండోది వచ్చిన ఇంటావిడ బట్టలుతికేది, గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టేది. అద్దెకు దిగే కుర్రాళ్ళూ రైల్వేవాళ్ళే. తమరి కొత్త ఖాతాదారులకు ఆవిడే వండిపెట్టి పంపేదన్నమాట. బ్రేక్‌మన్ అనగానే ఇన్సూరెన్సు కంపెనీలు మొహం చాటేసేవి. చివరికి 1883లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియోంటాలో బ్రేక్‌మన్లే సంఘం పెట్టుకుని, పోయినవాడి ఇంటికి తలా కొంత వేసుకున్నారు.

1873లో ఈలై జానీ అనే ఆయన, వంచిన వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టుండే కప్లింగ్‌కు, అంటే పెట్టెలు కలిపే కొక్కేనికి, పేటెంటు తీసుకున్నాడు. పెట్టెలు తగిలితే దానంతటదే పడుతుంది. తమరు మింగిన వేళ్ళన్నీ రూపం మార్చుకుని వచ్చాయేమో! అయినా మరో ఇరవై ఏళ్ళు తమరి ఉద్యోగానికి ఢోకా లేదు. కప్లింగ్ మార్చాలంటే డబ్బు కావాలి. బ్రేక్‌మన్‌ను మార్చడానికి ఏం కావాలి, గేటు బయట ఇంకో కుర్రాడున్నాడుగా.

ఈ పనివాళ్ళ బతుకు యుద్ధంలో సిపాయి బతుకంత ప్రమాదంలో ఉందని 1889లో ప్రెసిడెంట్ హారిసన్ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెప్పుకున్నాడు. అయోవా రైతు లొరెంజో కాఫిన్ దానంతటదే పడే కప్లింగులు పెట్టండని ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగి గోలపెట్టాడు. వాటిని తప్పనిసరి చేస్తూ 1893 మార్చి 2న చట్టం వచ్చింది, 1898 జనవరి 1 దాకా గడువు. అప్పటికీ చాలలేదని కంపెనీలు కాళ్ళావేళ్ళా పడ్డాయి. వాటికి కాళ్ళూ వేళ్ళూ ఇంకా ఉన్నాయి కదా. రెండేళ్ళు, ఆపైన ఏడు నెలలు పొడిగింపు దొరికింది.

గడువు 1900 ఆగస్టు 1తో ముగిసింది. ఆగస్టు 5న యూటాలోని ప్రొమాంటరీలో, దేశం ఈ కొసనుంచి ఆ కొసకు రైలుమార్గం కలిసిందని 1869లో బంగారు మేకు దిగ్గొట్టి పండగ చేసుకున్న చోటే, ఒక బ్రేక్‌మన్ ఇంజన్ను డైనింగ్ కారుకు కలపాల్సి వచ్చింది. రెండింటికీ ఆటోమేటిక్ కప్లింగులే, కానీ వేరువేరు రకాలు, ఒకదానికొకటి పడలేదు. అప్పుడు తమరినే పిలిచారు. మూడో ప్రయత్నంలో చెయ్యి నలిగింది, మణికట్టు పైదాకా తీసేశారు. అతను కేసు వేస్తే, చట్టంలో ఉన్నది ‘పెట్టె’ అనీ, ఇంజన్ పెట్టె కిందికి రాదనీ అప్పీలు కోర్టు తేల్చింది. ఇంజన్ కూడా వస్తుందని సుప్రీం కోర్టు చెప్పేసరికి 1904 అయింది.

రిటైరైన నాలుగో రోజున కూడా డ్యూటీకి హాజరైనందుకు అభినందనలు.

ఇట్లు,
పది వేళ్ళతో టైపు చేస్తున్న ఒకడు