ఫిబ్రవరి ఒకటి వెనక నవంబరు రెండు

మారిషస్‌లో ఫిబ్రవరి 1 బానిసత్వ నిర్మూలన దినం, నవంబరు 2 ఒప్పంద కూలీలు దిగిన దినం. రెండూ సెలవులే. మొదటిది ముగింపనీ, రెండోది ఆరంభమనీ అనుకుంటాం. తేదీలు చూస్తే కథ తిరగబడుతుంది. 36 మంది కూలీలతో కలకత్తా నుంచి ‘అట్లాస్’ ఓడ పోర్ట్ లూయీ చేరింది 1834 నవంబరు 2న. బానిసలు విడుదలైంది 1835 ఫిబ్రవరి 1న. అంటే, పాతవారికి స్వేచ్ఛ ఇవ్వకముందే చెరకు తోటలకు కొత్త చేతులు వెతుక్కున్నారు.

ఆ స్వేచ్ఛయినా పూర్తిగా ఇచ్చారా? కరీబియన్ దీవుల్లో 1834 ఆగస్టు 1న అమలైన బ్రిటిష్ బానిసత్వ నిర్మూలన చట్టం ఇక్కడికి ఆరు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆపైన ‘అప్రెంటిస్’ అనే ముద్దుపేరుతో పాత యజమాని దగ్గరే వారానికి 45 గంటల దాకా కూలి లేని చాకిరీ. అది 1839లో గానీ వదల్లేదు. పరిహారం మాత్రం ఇచ్చారు, యజమానులకు! సామ్రాజ్యం మొత్తానికి కేటాయించిన 2 కోట్ల పౌండ్లలో 20 లక్షలకు పైగా ఈ చిన్న దీవి యజమానులకే చేరాయి. విడుదలైనవారికి చిల్లిగవ్వ గానీ, జానెడు నేల గానీ దక్కలేదు.

కూలీల ఒప్పందం అయిదేళ్లు, నెలకు అయిదు రూపాయలు, తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరం వచ్చినవాడు నెలాఖరుకు అప్పు తేలేది ఇందుకే. గోదావరి తీరంలోని కోరంగి రేవు నుంచి వెళ్లిన మనవాళ్లను అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. నేడు అక్కడ ఉగాదికీ సెలవు ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఫిబ్రవరి 1 ఊసెత్తం.

ఎత్తవలసిన కారణముంది. మారిషస్‌లోని మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలస రిజిస్టర్లలో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ దొరుకుతాయి. చెవికి సోకినట్టు రాసుకున్న ఊళ్ల పేర్లు పోల్చుకోవడం కష్టమే, అయినా దారంటూ ఉంది. బానిసల రిజిస్టర్లలో యజమాని పెట్టిన పేరు, పక్కన ‘మొజాంబిక్’ అనో ‘మలగాసీ’ (మడగాస్కర్ మనిషి) అనో ఒక్క ముక్క. వారిలో ‘ఇండియన్’ అని రాసినవారూ ఉన్నారు. ఆ దీవిని ఫ్రెంచివారు ఏలిన కాలంలో మన తీరాల నుంచే అమ్ముడుపోయిన మనుషులు వారు. వారి ఊళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.