వోచర్ నంబరు 17: రామ్‌కు రూ.2,800

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్‌లో ట్రెజరర్ గారు వోచర్ల కట్ట విప్పి, పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జారిందంటే అవతలివాడి లెక్కలో ఏదో తేడా ఉందని అర్థం.

“సెక్రటరీ గారూ, ఎవరండీ ఈ రామ్?”

సెల్లార్‌లో వేసిన ప్లాస్టిక్ కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలలెత్తారు.

ఆయన వరసగా చదివారు. “రామ్‌కు 2,800. రామ్ కోసం ఆటో, రానూ పోనూ 340. రామ్ నుంచి వాపసు వచ్చినది 1,000. మళ్ళీ రామ్ కోసం ఆటో 340. రామ్‌ను రుద్దుటకు రబ్బరు, 5. రామ్ విషయమై 404కు బిర్యానీ, 280.” కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. “డబ్బిచ్చారు, వెనక్కి తీసుకున్నారు, సరే. రబ్బరు పెట్టి ఎందుకు రుద్దారు?”

తప్పు నాదే. హడావుడిలో రాసిన వోచర్లు. ర్యామ్, అంటే కంప్యూటర్‌లో పెట్టే మెమరీ ముక్క, అని రాయాల్సిన చోట య వత్తు ఎగిరిపోయింది. ఒకచోట ఎగిరిపోతే పొరపాటు అనుకుంటారు. ఆరుచోట్లా ఎగిరిపోతే ఆ పేరుతో ఓ మనిషి తయారవుతాడు.

మా అసోసియేషన్‌కు ఒక కంప్యూటర్ ఉంది. 201 వాళ్ళు అమెరికా వెళ్ళిపోతూ, పాలివ్వడం మానేసిన ఆవును గోదానం చేసినట్టు, మాకు దానం చేసి వెళ్ళారు. జనరేటర్ పక్క గదిలో, కాలిపోయిన ట్యూబులైట్లకూ వినాయక చవితి పందిరి గుడ్డలకూ మధ్య దాని కాపురం. ఇరవై ఫ్లాట్ల మెయింటెనెన్స్ లెక్కలు అందులోనే. స్విచ్ నొక్కి, మెట్లెక్కి టెర్రస్ మీద ట్యాంకు చూసి, దిగి వచ్చేసరికి స్వాగతం పలికేది. ఎక్సెల్ తెరిచి పక్కనే వాట్సాప్ కూడా తెరిచామా, ఇక మౌసు గుండ్రంగా తిరుగుతూ ఉండేది, కొత్త కోడలు అత్తగారింట్లో ఏ డబ్బాలో ఏముందో వెతుక్కుంటున్నట్టు.

404 అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. (మా దగ్గర మనుషులకు పేర్లుండవు, నంబర్లే. నేను సెక్రటరీ అయ్యేదాకా 203ని.) ఇంటర్నెట్‌లో 404 అంటే ‘వెతికిన పేజీ దొరకలేదు’ అని కదా, ఆ అబ్బాయి కూడా నంబరుకు తగ్గట్టే ఎప్పుడు వెతికినా దొరకడు. ఒకరోజు లిఫ్టు దగ్గర పట్టుకున్నాను. “ర్యామ్ రెండు జీబీయే ఉంది అంకుల్, అందుకే స్లో. ఎనిమిది చేయించండి. కొనేముందు మాత్రం డీడీఆర్ ఎంతో చూ...” అనేసరికి లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

‘ఎంతో చూడాలి’ అన్నది ఒక్కటే నా చెవిన పడింది. కాబట్టి కొలిచాను. మా ఆవిడ జాకెట్లు కుట్టే టేపు తెచ్చి, క్యాబినెట్ పక్క రేకు విప్పి, బూజు మధ్యలోంచి ఆ పచ్చటి పట్టీని లాగి కొలిస్తే పదమూడు సెంటీమీటర్ల చిల్లర వచ్చింది. చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

కమిటీ మూడు వేలు మంజూరు చేసింది. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాను. కంప్యూటర్ సామాను కావాలంటే అక్కడికే కదా వెళ్తాం. ప్యారడైజ్ దగ్గర ఆటో దిగగానే బిర్యానీ వాసన ఒక పక్కకు, అసోసియేషన్ బాధ్యత ఇంకో పక్కకు లాగాయి. ఆరోజుకు బాధ్యతే గెలిచింది. ఒక షాపులో కౌంటర్ వెనక కుర్రాడితో గంభీరంగా అన్నాను: “పదమూడు సెంటీమీటర్ల ర్యామ్ కావాలి.”

కుర్రాడు నన్నూ నా చీటీనీ చూశాడు. “డీడీఆర్ ఎంత సార్?”

“పదమూడు.”

“పదమూడు ఇంకా రాలే సార్. ఇప్పుడు ఐదు నడుస్తుంది.”

పక్కన నిలబడ్డవాళ్ళు అటు తిరిగి నవ్వుకున్నారు. “డెస్క్‌టాప్‌కేనా? త్రీయా, ఫోరా? పాత ముక్క తెచ్చినారా?” అని ఆ అబ్బాయి మర్యాదగానే అడిగాడు. తేలేదు. కానీ తెలియదని ఒప్పుకుంటే సెక్రటరీ పదవి ఏమైపోవాలి? మూడు కంటే నాలుగు పెద్దది. పైగా పరాయి సొమ్ము. “ఫోర్,” అన్నాను.

నాలుగు జీబీ ముక్క, 2,800. అంతా? అంటే, ఏఐ కంపెనీలు డేటా సెంటర్ల కోసం ప్రపంచంలోని మెమరీ అంతా ఊడ్చుకుపోతున్నాయట, రేటు బంగారంలాగా పొద్దుటికీ సాయంత్రానికీ మారుతోందట. మా మల్కాజిగిరి మెయింటెనెన్స్ రసీదులకు అంత దూరాన ఎవరో పోటీ వస్తున్నారంటే కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఉన్న రెండుకు ఈ నాలుగు కలిపితే ఆరు, మిగతాది వచ్చే బడ్జెట్‌లో అని లెక్క వేసుకున్నాను.

ఇంటికొచ్చి పెట్టబోతే పట్టలేదు. నా టేపు తప్పు చెప్పలేదు, పొడవు అచ్చంగా సరిపోయింది. కానీ కింద అంచులో ఒక గాటు ఉంటుంది చూడండి, అది స్లాట్‌లో ఉన్న గట్టు మీద కూర్చోవాలి. కూర్చోవడం లేదు, ఇంచుమించుగా పక్కన ఉంది. తిప్పి పెట్టాను. ఇంకా దూరం జరిగింది. మా ఆవిడ టీ తెచ్చి, రెండు నిమిషాలు చూసి, “కుక్కర్ గాస్కెట్‌కు వెళ్ళినా మూత చేత్తో పట్టుకుని వెళ్తామండీ,” అని వెళ్ళిపోయింది.

గాటు కొంచెం అటు జరిపితే చాలు కదా అని ఆకురాయి తెచ్చాను. ఎందుకైనా మంచిదని 404కు ఫోన్ చేశాను. ఆశ్చర్యం, ఎత్తాడు.

“అంకుల్, ముందు ఆకురాయి కింద పెట్టండి.”

పెట్టాను. అప్పుడు చెప్పాడు, డీడీఆర్ పక్కన ఉండేది ర్యామ్ ఏ తరానిదో చెప్పే నంబరట. నా కంప్యూటర్‌ది డీడీఆర్ 3, దానికి 240 కాళ్ళు (పిన్నులు), ఒకటిన్నర వోల్టు. నేను తెచ్చింది డీడీఆర్ 4, దానికి 288 కాళ్ళు, 1.2 వోల్టులు. పొడవు ఒకటే, సంబంధం కుదరదు. ఒకదాని చోట ఇంకొకటి పట్టకూడదనే గాటు జరిపి చేశారట. అంటే నాలాంటివాడు ఆకురాయితో వస్తాడని ఏ దేశంలోనో కూర్చుని ముందే ఊహించారన్నమాట. పాత ముక్క మీద బూజు తుడిచి చూస్తే పీసీ3-10600 అని స్పష్టంగా అచ్చువేసి ఉంది. ఆ మూడే డీడీఆర్ మూడట. 10600 చూసి నేను పాత రేటేమో అనుకున్నాను.

మర్నాడు పాత ముక్కను టిఫిన్ కట్టే ఫాయిల్‌లో చుట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆ కుర్రాడు మంచివాడు, విసుక్కోలేదు. డీడీఆర్ 4 వెనక్కి తీసుకుని, వాడిన డీడీఆర్ 3 ముక్కలు నాలుగు జీబీవి రెండిచ్చి, వెయ్యి రూపాయలు చేతిలో పెట్టాడు. స్లాట్లు రెండే కాబట్టి పాతది తీసేసి ఈ రెండూ పెట్టుకోమన్నాడు.

ఆ సాయంత్రం రెండూ పెట్టాను. గాట్లు కుదిరాయి. లోపల దేవుడికి దండం పెట్టుకుని స్విచ్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం అమావాస్య. ఆ వెంటనే క్యాబినెట్ లోపలినుంచి మొదలైంది: బీఁ... బీఁ... బీఁ...

కంప్యూటర్‌కు మెమరీ కనపడకపోతే తెర మీద ఒక్క ముక్క కూడా చూపించలేదు. దాని చేతిలో ఉన్నది చిన్న బజరు ఒక్కటే. నాకొచ్చిన కష్టం ఇదీ అని దాంతో మొత్తుకుంటుంది. ఈ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి నేను వైర్లన్నీ ఒక్కొక్కటే పీకి పెడుతున్నాను. అది మొత్తుకుంటూనే ఉంది.

మా వాచ్‌మెన్‌కు ఈ భూమ్మీద తెలిసిన బీప్ ఒక్కటే, ట్యాంకు నిండినప్పుడు కొట్టే అలారం. గేటు దగ్గర చపాతీ చేసుకుంటున్నవాడు పిండి చేతులతోనే పరిగెత్తుకెళ్ళి మోటారు ఆపేశాడు. నేను మళ్ళీ స్విచ్ నొక్కాను. మళ్ళీ బీప్. ఆపిన మోటారు ఇంకా తిరుగుతోందేమోనని అతను దాని మెయిన్ కూడా దించేశాడు. పాపం అతని తప్పేముంది, కానీ ట్యాంకు అప్పుడే నిండటం మొదలైంది.

పొద్దున ఆరుంబావుకు ఫోన్లు మొదలయ్యాయి. 302 ఆంటీ తలనిండా షాంపూతో ఫోన్ చేశారు. “నీళ్ళు ఆగిపోయాయి సెక్రటరీ గారూ, కళ్ళు మండుతున్నాయి, మీ నంబరు తడుముకుంటూ నొక్కాను,” అన్నారు. 105 గారు మాట్లాడలేదు, నోట్లో పేస్టు ఉన్నట్టుంది. 401 గారు గ్రూపులో ఖాళీ బకెట్ ఫోటో పెట్టారు, కింద ఒక నమస్కారం గుర్తు. ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాను, మా భవనం అంత ఐకమత్యంగా ఉండటం అదే మొదటిసారి చూశాను.

ఇక లాభం లేదని 404ను బిర్యానీ పెట్టి పట్టాను. వచ్చి, ముందు క్యాబినెట్ ఇనప రేకును ఒకసారి తాకాడు. ఒంట్లో స్టాటిక్ కరెంటు ఉంటే చిప్పులకు దెబ్బట. ముక్కలు బయటికి తీసి, “పెన్సిల్ రబ్బరుందా అంకుల్?” అన్నాడు. కిరాణా కొట్టుకు పరిగెత్తి ఐదు రూపాయలు పెట్టి తెచ్చాను. బంగారు రంగు కాళ్ళను దాంతో మెల్లగా రుద్దితే రబ్బరు నల్లగా అయింది. రుద్దిన పొట్టు ఊదేసి, స్లాట్ బ్రష్‌తో దులిపి, పెట్టి, రెండు కొసలా నొక్కాడు. టక్. టక్. పక్క క్లిప్పులు వాటంతట అవే లేచి పట్టుకున్నాయి.

అసలు రోగం అదే. బోర్డు విరుగుతుందేమోనని నేను పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాను. వాడు గ్యాస్ సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించినట్టు నొక్కాడు.

తెర వెలిగింది. నా ఆనందం సరిగ్గా రెండు నిమిషాలు ఉంది. సిస్టమ్ వివరాల్లో ఎనిమిది జీబీ అని చూపిస్తూనే, పక్కన, వాడుకోదగినది 3.4 మాత్రమే అని ఉంది. సగం పైగా ఏమైనట్టు? షాపులో మోసమా? లేదు, లోపలున్న విండోస్ 32 బిట్‌ది. 404 మా భాషలోనే చెప్పాడు. మెమరీలో ప్రతి బైటుకూ ఒక డోర్ నంబరు ఉండాలట. 32 బిట్లతో వేయగలిగిన నంబర్లు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంటే నాలుగు జీబీ, అంతే. అందులోనూ గ్రాఫిక్స్ లాంటివాళ్ళు కొన్ని నంబర్లు ముందే రిజర్వు చేసుకుంటారు. మిగతా ర్యామ్ నంబరు లేని ఫ్లాట్లే. కట్టి ఉన్నా పోస్టుమ్యాన్ వెళ్ళడు. పెంట్‌హౌస్‌కు పర్మిషన్ లేక ఏళ్ళ తరబడి మునిసిపాలిటీ చుట్టూ తిరిగిన అపార్ట్‌మెంట్ మాది, ఇట్టే అర్థమైంది.

ఎనిమిదీ వాడుకోవాలంటే 64 బిట్ విండోస్ కావాలట. 32 మీద 64 ఎక్కించడం కుదరదట, మొత్తం తీసి కొత్తగా వేయాలి. లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ రాత్రి పదకొండు దాకా కూర్చుని వాడే వేశాడు. ఇప్పుడు స్విచ్ నొక్కాక ట్యాంకు చూసొచ్చే తీరిక కూడా లేదు.

ఇదంతా సభలో చెప్పుకున్నాను. షాంపూ సంగతి వచ్చినప్పుడు 302 ఆంటీ సాక్ష్యం కూడా చెప్పారు. ట్రెజరర్ గారు ఆఖరిదాకా శ్రద్ధగా విని, వోచర్లు మళ్ళీ ఒకసారి తిరగేశారు.

“అంతా బాగానే ఉందండీ. కానీ పుచ్చుకున్నవారి సంతకం లేదు.”

మినిట్స్‌లో ఇలా రాసుకున్నారు: ‘ఇకమీదట రామ్‌కు చేసే చెల్లింపులన్నీ చెక్కు ద్వారానే జరగాలి.’ 105 గారు బలపరిచారు. ఏకగ్రీవంగా పాసైంది.

కుర్చీలు సర్దుతుంటే వాచ్‌మెన్ నన్ను జనరేటర్ వెనక్కి పిలిచాడు. మొహం వాడిపోయి ఉంది.

“సార్, గా రామ్ డ్యూటీకి ఎప్పటిసంది వస్తుండు? నన్ను తీసేస్తున్రా?”

నాకు నవ్వాగలేదు. జేబులోంచి ఫాయిల్ పొట్లం విప్పి, పాత రెండు జీబీ ముక్క అతని చేతిలో పెట్టాను. “ఇదిగో, ఇలాంటివాడే రామ్. భయపడకు.”

అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో కాళ్ళు తడిమాడు.

“దీని కొరకా సార్, రెండు వేల ఏడొందల చిల్లర? నాకు జీతం ఐదొందలు పెంచుమంటే మీటింగ్‌ల పెడ్తమన్నరు.” పొట్లం మళ్ళీ జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చాడు. “మీటింగ్ అయిపాయె.”